గానుగింటి కోడలి గట్టి గొలుసు

అనగనగా, అంటే మా అమ్మమ్మకి అమ్మమ్మ కూడా పుట్టకముందన్నమాట, ఏటి మలుపులో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక గానుగిల్లు. గానుగంటే తెలుసునా మీకు? ఇంత పెద్ద రోలు, అందులో నిలువెత్తు రోకలి, దానికో ఎద్దు. ఎద్దు గుండ్రంగా తిరుగుతుంటే రోకలి కిర్రు కిర్రుమంటూ నువ్వుల్ని నలిపి నూనె కారుస్తుంది. కాళ్ళు ముడుచుకోరా చంటీ, చెల్లికి చోటివ్వు. ఆఁ, అలా.

ఆ ఇంట్లో ముగ్గురే మనుషులు. అత్తగారు వీరాయమ్మ. ఆవిడ మనసు వెన్నే గానీ, మనసు బయటపడేలోపు నోరు ముందు బయటపడిపోతుంది. ఆవిడ కొడుకు పోతురాజు. మంచివాడే, వట్టి వెర్రిబాగులవాడు. అడిగినదానికి అడిగినట్టు జవాబు చెప్పడం తప్ప, నోరెప్పుడు మూసుకోవాలో వాడికి ఎవరూ నేర్పలేదు. ఇహ కోడలు పేరిందేవి. కొత్తగా కాపరానికి వచ్చింది. నేరేడుపండులా నల్లగా నిగనిగలాడుతూ ఉండేదిట. మెడలో పసుపుతాడు తప్ప పిసరంత బంగారం లేదు. వీరాయమ్మ మెడలోనూ లేదు. ఆవిడ అత్తగారు కోటమ్మ దగ్గర బోలెడు నగలుండేవిట గానీ, కోటమ్మ పోయాక అవి ఏమయ్యాయో ఎవరికీ తెలియలేదు.

ఆ ఊరి పక్కనే కోట. కోటలో రాజుగారు, రాణీగారు. రాణీగారికి మోకాళ్ళ నొప్పులు. లేస్తే అమ్మో, కూచుంటే అబ్బో. వైద్యులొచ్చారు, ఆకులు కట్టారు, వేళ్ళు నూరారు, వెళ్ళిపోయారు. ఏం లాభం లేదు. ఒకనాడు పేరిందేవి కోటకి నూనె పట్టుకెళ్ళి, రాణీగారి మూలుగు విని ఆగిపోయింది. ఎవరినీ అడగలేదు. గోరువెచ్చగా నూనె కాచి, రాణీగారి కాళ్ళ దగ్గర కూచుని, ఊళ్ళో కబుర్లు చెబుతూ మర్దనా మొదలెట్టింది. మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. అలా వెళ్ళగా వెళ్ళగా, ఓ పొద్దున్న రాణీగారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి తోటలోకి నడిచి వెళ్ళింది!

ఊఁ అంటున్నారా, నిద్రపోయారా? ఆఁ, వినండి మరి.

రాణీగారు పొంగిపోయి, నగల పళ్ళాలు తెప్పించి పేరిందేవి ముందు పెట్టించింది. నీకేది కావాలంటే అది తీసుకోవే అంది. చుట్టూ ఉన్న దాసీలు కోడలి చెవిలో ఒకటే గుసగుసలు. ఒకతె చంద్రహారం తీసుకోమంది. ఒకతె కాసులపేరు తీసుకోమంది. ఇంకొకతె, చిటికెన వేలంత లావున్న ఆ గొలుసు తీసుకో, ఊరు ఊరంతా నోరు వెళ్ళబెడుతుంది అంది.

పేరిందేవి తొందరపడలేదు. రాణీగారూ, ఒక్కొక్కటీ వేసుకుని చూడొచ్చునా అని అడిగింది. చూడమంది రాణీగారు. చంద్రహారం వేసుకుంది. వేసుకుని ఊరుకుందా? నేల మీద నూనె బాన ఉన్నట్టు వంగి, ఎత్తుతున్నట్టు చేసింది. హారం ఊగి వచ్చి ముక్కు మీద ఠప్పుమని కొట్టింది. తీసేసింది. కాసులపేరు వేసుకుని రుబ్బురోలు తిప్పుతున్నట్టు చేసింది. కాసుల్లో జుట్టు చిక్కుకుని, కెవ్వుమంది. తీసేసింది. లావు గొలుసు అరచేతిలో వేసుకుని చూసింది. చూడ్డానికి ఏనుగు గొలుసులా ఉంది గానీ చేతిలో దూదిలా ఉంది. లోపలంతా బోలు. పాలకి ఏడ్చే బిడ్డ ఒక్కసారి పట్టి గుంజితే సొట్టపడిపోతుంది. దాన్నీ పక్కన పెట్టింది.

పళ్ళెం అంచున, అన్నిటికిందా ఒక సన్న గొలుసు ఉంది. రాళ్ళు లేవు, పూసలు లేవు, ఏ పనీ లేదు. కొబ్బరీనెంత సన్నం. అరచేతిలో వేసుకుంటే మాత్రం, ఆ ఇంతలోనే ఎంత బరువు! లోపలా బంగారమే, బయటా బంగారమే. గట్టి గొలుసు. మెడలో వేసుకుని వంగింది. గొలుసూ వంగింది. లేచింది. గొలుసూ బుద్ధిగా వచ్చి గుండె మీద పడుకుంది. రుబ్బింది, చెరిగింది, నీళ్ళు తోడింది, అన్నీ ఉత్తుత్తివే. గొలుసు ఎక్కడా అడ్డు రాలేదు. మెడ వెనక తగిలించే కొలికి లాగి చూసింది, ఊడి రాలేదు.

"ఇదండీ," అంది.

"పిచ్చిదానా, అన్నిటిలోకీ చిన్నది ఏరుకున్నావేమే?" అంది రాణీగారు.

"మిగతావి తీసుకుంటే పెట్టెలో ఉంటాయండీ. ఇదయితే నా మెడలో ఉంటుంది. రోజూ వేసుకుంటాను."

రాణీగారికి నవ్వొచ్చింది. కానీ రాణీగారు కదా, నవ్వులోనూ ఓ మెలిక పెట్టింది. రోజూ వేసుకుంటానని నా ఎదుట చెప్పావు, మాట మీద నిలబడాలి. ఏనాడైనా నీ మెడ బోసిగా కనబడిందా, ఆనాడే గొలుసు వెనక్కి పుచ్చుకుంటాను, మీ గానుగ నూనె కోట గుమ్మం తొక్కనివ్వను అంది. కోటకి నూనె పోస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. అయినా పేరిందేవి సరేనండీ అని దణ్ణం పెట్టి వచ్చేసింది.

ఇంటికి వచ్చి, రాణీగారు నగ ఇచ్చిందని చెప్పగానే వీరాయమ్మ ఎగిరి గంతేసింది. గొలుసు చూసి దిగాలు పడింది. ఏనుగు లాంటి పళ్ళెంలోంచి చీమని ఏరుకొచ్చావుటే అని నెత్తి కొట్టుకుంది. సరే తే, పెట్టెలో దాస్తాను, పండగకి పెట్టుకుందువుగాని అంది. కోడలు రాణీగారి మెలిక సంగతి చెప్పింది. అత్తగారు గుండె పట్టుకుని కూలబడింది. రోజూనా? నూనె చేతుల్తో, పేడ చేతుల్తో, రోజూనా? దొంగలు చూడరూ? దిష్టి తగలదూ?

తగిలితే తగిలింది. ఆనాటి నుంచీ పేరిందేవి మెడలోంచి గొలుసు దిగలేదు. గానుగ దగ్గర గొలుసు, ఎద్దు గాటి దగ్గర గొలుసు, పొయ్యి దగ్గర గొలుసు, పొలం దగ్గర గొలుసు, ఏట్లో మునిగితే గొలుసు, ఎండలో ఎండితే గొలుసు, నవ్వితే గొలుసు, అలిగితే గొలుసు. తలంటుకున్నప్పుడల్లా ఆ కుంకుడు రసంతోనే దాన్నీ కాస్త రుద్దేది. అది కొత్తలో కన్నా మెరుపెక్కింది. అత్తగారు తిట్టడం మానలేదు. తిడుతూనే రోజూ పొద్దున్న కోడల్ని గుమ్మంలో ఆపి, మెడ వెనక చెయ్యి పెట్టి కొలికి గట్టిగా ఉందో లేదో తడిమి చూసి మరీ పంపేది. అదీ వీరాయమ్మ.

ఇప్పుడు దెయ్యం వస్తుంది. భయపడకండి. మంచి దెయ్యమే. చంటీ, దుప్పటి మొహం మీంచి తియ్యి, ఊపిరాడదు.

ఓనాడు మిట్టమధ్యాహ్నం. ఎండ పెళపెళలాడుతోంది. ఎద్దు నెమరేస్తోంది. వీరాయమ్మ నడవలో చెంగు పరుచుకుని కునుకు తీస్తోంది. పోతురాజు కోటకి పట్టుకెళ్ళే నూనె పెరట్లో బానకి పోసుకుంటున్నాడు. పేరిందేవి వంటింట్లో అంట్లు సర్దుతోంది. అటక మీంచి ఎవరో ఉస్సురన్నారు.

తలెత్తి చూసింది. అటక అంచున ఓ ముసలమ్మ కూచుని కాళ్ళు వేలాడేసుకుని ఉంది. తెల్లటి చీర. పాదాలు రెండూ వెనక్కి తిరిగి ఉన్నాయి. పేరిందేవి కెవ్వుమనబోయింది. చేతిలో చెంబు జారి దొర్లుకుంటూ పోయింది.

"అరవకే పిల్లా," అంది ముసలమ్మ. "నేను పరాయిదాన్ని కాను. నీ అత్తకి అత్తని, కోటమ్మని."

"మామ్మా! నువ్వు పోయి ఎన్నో ఏళ్ళయిందన్నారే!"

"పోయాను. పోయానే గానీ వెళ్ళలేకపోయాను."

మెల్లిగా చెప్పుకొచ్చింది. ఆవిడకి నగలుండేవి. అరిగిపోతాయని వేసుకోలేదు. పోతాయని ఎవరికీ పెట్టలేదు. కొత్త కోడలు వీరాయమ్మ అట్లతద్దినాడు ఒక్క పూటకి ఇవ్వమని అడిగితే, రేపు రేపు అంటూ తప్పించింది. ఆ రేపు రాకుండానే కన్ను మూసింది. ప్రాణం పోయింది గానీ ఆశ పోలేదు. ఆ నగల చుట్టూనే తిరుగుతోంది. అవేమో చేతికి అందవు! పట్టుకోబోతే పొగని పట్టుకున్నట్టే. పెట్టెలో చల్లారిపోయిన బంగారం దెయ్యం చేతికి తగలదుట. మనిషి మెడలో నలిగి, ఒంటి వెచ్చదనం పట్టిన బంగారమైతేనే అందుతుందిట. అలాంటిది ఒక్క పూట మెడలో వేసుకుని, పొద్దుగూకేదాకా తియ్యకుండా ఉంటే, ఆశ తీరి తన దారిన తను పోతుందిట.

"ఈ ఊళ్ళో రోజూ వేసుకున్న బంగారం నీ మెడలోనే చూశానే. ఒక్క పూట ఇస్తావుటే?"

"మరి నీ నగలెక్కడున్నాయి మామ్మా?"

"అమ్మా, అది చెప్పను!" అంది కోటమ్మ టక్కున. చచ్చి దెయ్యమైనా ఆ బుద్ధి మాత్రం పోలేదు చూశారా!

పేరిందేవి ఆలోచనలో పడింది. ఇస్తే, రాణీగారికి ఇచ్చిన మాట? కోటకి పోసే నూనె? గొలుసు మీద చెయ్యి వేసుకుని తల అడ్డంగా ఊపబోయింది. ఊపబోయి ముసలమ్మ వంక చూసింది. కోటమ్మ చెయ్యి ఊరికూరికే తన బోసి మెడ దగ్గరికే పోతోంది. ఎండుకొమ్మ లాంటి మెడ. పేరిందేవి చెయ్యి గొలుసు మీంచి కొలికి మీదికి పోయింది. కొలికి విప్పి, ముంగాళ్ళ మీద లేచి, గొలుసు అటక అంచుకి అందించింది.

గొలుసు అందింది! కోటమ్మ మెడలో వేసుకుంది. ఇటు తడుముకుంది, అటు తడుముకుంది. నీళ్ళ బిందెలోకి వంగి చూసుకుంది. దెయ్యాలకి నీడ పడదు కదా, ఏమీ కనబడలేదు. మొహం చిన్నబోయింది.

"నేను చూసి చెబుతానుగా మామ్మా," అంది పేరిందేవి. "ఎంత బాగుందో! నీకే పోత పోసినట్టుంది."

కోటమ్మ సిగ్గుపడి అటక చీకట్లోకి జరిగిపోయింది.

అప్పుడే పోతురాజు బాన భుజాన పెట్టుకుని లోపలికి తొంగిచూశాడు. గొలుసేదే అని అడిగాడు. మీ మామ్మ వేసుకుంది, పొద్దుగూకాక ఇస్తుంది అంది పేరిందేవి. మామ్మ కులాసాగా ఉందా అని అడిగాడు. ఉంది అంది. ఓహో అలాగా అని కోటకి వెళ్ళిపోయాడు. అంతే! వాడికి అందులో వింతేమీ కనబడలేదు మరి. వాడి వెనకే పరుగెత్తి, కోటలో ఈ ముక్క అనకు అని చెప్పాల్సింది. పేరిందేవికి ఆ గాభరాలో తోచలేదు.

కోటలో ఏమైందో మీరే చెప్పండి. ఆఁ, అదే అయింది! రాణీగారు మాటవరసకి, ఏం పోతురాజూ, మీ ఆవిడ గొలుసు రోజూ వేసుకుంటోందా అని అడిగింది. "రోజూ వేసుకుంటుందండీ, ఇవాళే లేదు. ఇవాళ మా మామ్మ దెయ్యం వేసుకుందండీ," అన్నాడు వాడు చేతులు కట్టుకుని. దాసీలు కిసుక్కున నవ్వారు. రాణీగారికి మండిపోయింది. నన్నే ఆటపట్టిస్తారా అని, ఉన్న చీరతో ఉన్నట్టుగా, నగ పెట్టుకోడానికి కూడా ఆగకుండా పల్లకీ ఎక్కేసింది. ఓహోం ఓహోం, ఓహోం ఓహోం, పల్లకీ వచ్చి గానుగింటి ముందు దిగింది.

వీరాయమ్మ ఉలిక్కిపడి లేచింది. ఎదురుగా రాణీగారు. పక్కన కోడలు. కోడలి మెడ బోసిగా ఉంది.

మీ ఆయన దెయ్యం వేసుకుందంటున్నాడు, గొలుసేది అంది రాణీగారు. పేరిందేవి వంటింటి వైపు చూసింది. ఏం చెబితే నమ్ముతారు? ఇంతలో వీరాయమ్మ కొంగు నడుముకి దోపి, కోడలికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"తప్పు నాదండీ రాణీగారూ. వద్దు వద్దని అది మొత్తుకుంటున్నా వినకుండా, నేనే దాని మెడలోంచి తీసి పెట్టెలో దాచాను. అనేదేదో నన్నే అనండి. పిల్లని ఏమీ అనకండి."

పేరిందేవి అత్తగారి వంక వెర్రిగా చూసింది. ఇన్నాళ్ళూ తిట్టిన ఆ నోరేనా ఇది? కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

పెట్టె తెరవమంది రాణీగారు. వీరాయమ్మ తెరిచింది. పాత చీరలు తీసింది, పసుపు కొమ్ములు తీసింది, మళ్ళీ చీరలు తీసింది. ఎక్కడుంటుంది?  పేరిందేవి ఇహ ఆగలేకపోయింది. అత్త చేతులు పట్టుకుని ఆపేసింది.

"మా అత్తకి ఏ పాపమూ తెలియదండీ. నన్ను కాయడానికి అబద్ధమాడుతోంది. గొలుసు నా చేతులతో నేనే ఇచ్చాను. మా ఆయన చెప్పింది నిజమేనండీ, మా మామ్మకే ఇచ్చాను. పొద్దుగూకాక ఇస్తుంది."

రాణీగారు కోడలి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. నిజమో అబద్ధమో కళ్ళల్లో చూద్దామని. కళ్ళకన్నా ముందు మెడ కనబడింది. పసుపుతాడుకి కాస్త కిందగా, ఆ నల్లటి నిగనిగల మెడ చుట్టూ ఒక సన్నని తేట గీత. ఎండలోనూ, ఏట్లోనూ, పొయ్యి దగ్గరా గొలుసు దిగకుండా ఉన్న జాడ. రాణీగారి చెయ్యి మెత్తబడింది. "ఇన్నాళ్ళూ మాట నిలబెట్టుకున్నావు, నిజమే. కానీ ఇవాళ తప్పావు. మాటంటే మాటే," అని పల్లకీ వైపు తిరిగింది.

అప్పుడు అటక మీద ఒకటే చప్పుడు. గిన్నె దొర్లింది, చేట పడింది, జల్లెడ పడింది, కోటమ్మ దిగింది! మెడలో గొలుసు ధగధగా మెరుస్తోంది. బోయీలు పల్లకీ అక్కడే వదిలేసి పరుగో పరుగు. రాణీగారికీ కాళ్ళు వణికాయి. పాపం, మళ్ళీ మోకాళ్ళనొప్పి పట్టిందేమో అనుకుందిట! అయినా పెద్దింటి మనిషి కదా, కదలకుండా నిలబడింది.

కోటమ్మ ఎవరివంకా చూడలేదు. నేరుగా పేరిందేవి దగ్గరికి వెళ్ళి, తన మెడలోని కొలికి తడుముకుంటోంది.

"తీసుకోవే తల్లీ. నీ మాట పోకూడదు."

"పొద్దింకా ఉంది మామ్మా! ఇప్పుడు తీసేస్తే మళ్ళీ అటకే కదా!"

"ఉంటే ఉంటాను. అలవాటేగా."

"ఆగు!" అంది రాణీగారు. అందరూ అటు తిరిగారు. "తియ్యకమ్మా పెద్దదానా. పొద్దుగూకేదాకా నేనూ ఇక్కడే కూచుంటాను. మాట పుచ్చుకున్నది నేను. ఈ ఒక్క పూటకీ నేనే వదిలేస్తున్నాను." అలా అంటూ రాణీగారు తన మెడ తడుముకుంది. ఇంటినిండా నగలున్నాయి, ఆ మెడ మీద మాత్రం ఏ గీతా లేదు.

ఊఁ కొట్టండర్రా, బాగా వింటున్నారు గానీ.

అలా నలుగురు ఆడవాళ్ళూ గానుగింటి అరుగు మీద వరసగా కూచున్నారు. రాణీగారు, దెయ్యం, అత్తగారు, కోడలు. ఎద్దు ఒక్కటే వింతగా చూస్తోంది. పేరిందేవి నువ్వుండలు తెచ్చి పెట్టింది. దెయ్యం వాసన చూసి తృప్తి పడింది, రాణీగారు రెండు తింది. కాసేపటికి కోటమ్మ మెల్లిగా అడిగింది.

"ఒసే వీరీ, నా మీద కోపంగా ఉందుటే?"

తల నెరిసిన వీరాయమ్మ, ఆ పిలుపు విని చిన్నపిల్లైపోయింది. చెంగు వేలికి చుట్టుకుంటూ అంది. "ఉండేది అత్తా. ఆ అట్లతద్దినాడు గుంపులో నా మెడ ఒక్కటే బోసిగా ఉంది. ఏరు గట్టున కూచుని ఏడ్చాను. ఇప్పుడేం లేదులే. నువ్వు అలా వేసుకుని కూచుంటే చూడ్డానికి బాగుంది."

 ఏటి అవతల పొద్దు ఎర్రబడింది. అప్పుడు కోటమ్మ వీరాయమ్మ చెవిలో చెప్పింది. అటక మీద, అడుగు చిల్లిపడిన గోళెంలో, తవుడు కింద ఉన్నాయే నా నగలు. నీ కోసమే ఉంచానని అబద్ధం చెప్పను. కానీ ఇప్పుడవి నీవే. దాచకే, వేసుకోవే.

పొద్దు గూకింది. గొలుసు అరుగు రాతి మీద టింగుమని పడింది. కోటమ్మ లేదు. పేరిందేవి తీసి చూస్తే, దెయ్యం వేసుకున్న గొలుసు చల్లగా ఉండాలా? అప్పుడే మనిషి మెడలోంచి తీసినట్టు గోరువెచ్చగా ఉందిట!

రాణీగారే తన చేతులతో దాన్ని పేరిందేవి మెడలో వేసి వెళ్ళింది. నూనె మానలేదు సరికదా, కోటలో ప్రతి గదికీ ఆ గానుగ నూనే అంది. వెళ్ళగానే తన కోసమూ ఒక సన్న గట్టి గొలుసు చేయించుకుని, దాన్ని వేసుకునే తోటలో తిరిగేదిట. పోతురాజు ఊరంతా తిరిగి, మా మామ్మ వెళ్ళిపోయింది, కులాసాగానే వెళ్ళింది అని అందరికీ చెప్పొచ్చాడు.

మర్నాడు పొద్దున్న గోళెం దించారు. తవుడు కింద మూట, మూటలో నగలు. వీరాయమ్మ అన్నీ పక్కకి జరిపి, గట్టి గుండ్లు గుచ్చిన గుండ్లపేరు ఒకటి తీసుకుంది. లోపలా బంగారమే, బయటా బంగారమే. మెడ వెనక్కి చేతులు పెట్టి కొలికి పెట్టుకోబోయింది. రాలేదు. ఎప్పుడు పెట్టుకుందని చేతనవడానికి? మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. ఈ వయసులో నాకెందుకులేవే, నువ్వే వేసుకో అంది. పేరిందేవి అత్త వెనక్కి వెళ్ళి నిలబడి, ఆ నెరిసిన జుట్టు పక్కకి తీసి, కొలికి పెట్టింది. గట్టిగా ఉందో లేదో తడిమి చూసింది.

"బరువుగా ఉందా అత్తా?"

వీరాయమ్మ గుండ్ల మీద అరచెయ్యి ఆన్చి చూసుకుంది.

"ఇందాక చల్లగా ఉందే," అంది. "ఇప్పుడు వెచ్చబడుతోంది."

అని, గుండ్లపేరు ఊగుతూ ఉండగా, ఎద్దుని అదిలించడానికి గానుగ దగ్గరికి వెళ్ళిపోయింది.

అదీ సంగతి. మంచివేవైనా ఉంటే రేపటికని దాచకండి, వాడుకోండి. ఎవరైనా ఆశపడి అడిగితే ఒక్క పూట ఇవ్వండి, ఏం అరిగిపోదు. కథ నడుచుకుంటూ కంచి వైపు వెళ్ళిపోయింది, మనం నిద్ర వైపు వెళ్దాం. ఊఁ అనరేం? చంటీ? బుజ్జీ? పడుకున్నారు నా తండ్రులు.